సముద్రం పక్కనే ఉండి ఉప్పు కొనుక్కుంటున్నాను

విశాఖపట్నం పెదవాల్తేరులో మా మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. తూర్పుగాలి వీచే రోజుల్లో బాల్కనీ ఊచల మీద చెయ్యి పెడితే ఉప్పు జిగురుగా అంటుకుంటుంది. అలాంటి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నానంటే కింది వాటా ఆయన నవ్వి, "నీకేటి గురూ, రెండు టిన్నులు పట్టుకెళ్లి ముంచుకొచ్చేయడమే!" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. హైదరాబాదు వాళ్లు ఉప్పు పొట్లాలు కొనుక్కుని సముద్రం నీళ్లు తయారుచేసుకుంటారని వింటే జాలి కూడా వేసింది.

ఇప్పుడు మా బాల్కనీలో ఆ ఉప్పు బకెట్టే ఉంది. దాని పక్కన ఒక ఆర్వో యూనిట్, మూతపెట్టిన రెండు డ్రమ్ములు. బట్టలారేసుకోవడానికి చోటు లేదని మా ఆవిడ గొడవ. ఇదంతా అరచేతి వెడల్పున్న ఒక్క ఎనిమోన్ కోసం.

చూడని వాళ్ల కోసం రెండు మాటలు. ఎనిమోన్ పువ్వులా కనిపించే జంతువు. అడుగున ఒక పాదం, దానితో రాయిని పట్టుకుంటుంది. పైన వేళ్లలాంటి చేతులు, మధ్యలో నోరు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలు దూరి పడుకునేది ఇందులోనే. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుతురుతో వండేదే దానికి చాలావరకు తిండి. చేపయితే నీళ్లలో ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా లోపల సర్దుకుంటుంది. ఎనిమోన్‌కి ఆ ఏర్పాటు లేదు. బయట నీళ్లు ఎలా ఉంటే లోపలా అంతే. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నా మొదటి ఎనిమోన్ బతికేదేమో.

2022 దీపావళి వెళ్లిన వారం, నేనూ మా అబ్బాయీ స్కూటర్ మీద ఇరవై లీటర్ల టిన్నులు పెట్టుకుని తెల్లవారుజామున బీచ్‌కి నాలుగు ట్రిప్పులు కొట్టాం. మూడడుగుల ట్యాంకు అది. రాళ్లు, ఇసుక పోగా 160 లీటర్లు పడుతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తు కాబట్టి నా నడుం సంగతి చెప్పక్కర్లేదు. పాత పంచె నాలుగు మడతలు వేసి వడగట్టాను. నీళ్లు అద్దంలా మెరిశాయి. అంత తేటగా ఉన్నాక ఇంక పరీక్షలెందుకు అనుకున్నాను.

నెల దాటగానే రెండు క్లౌన్ చేపలు, బబుల్ టిప్ అనే రకం ఎనిమోన్ ఒకటి తెచ్చాను. తెల్లగా మల్లెమొగ్గల గుత్తిలా ఉంది. షాపులో ఉన్న మూడింటిలో అదే అందంగా ఉందని ఏరి మరీ తెచ్చుకున్నాను. మిగతా రెండూ గోధుమ రంగులో, బురదలోంచి తీసినట్టు ఉన్నాయి. ఆ తెలుపు అందం కాదని, ఒంట్లో నాచు పోయి పాలిపోయిందని నాకు తర్వాత తెలిసింది. ఆరోగ్యంగా ఉన్నవి ఆ గోధుమ రంగువే.

పది రోజులు గడిచినా అది విచ్చుకోలేదు. రోజూ కాసేపు ఉబ్బి, మళ్లీ ముడుచుకుపోయేది. నీళ్ల సాంద్రతని బట్టి ఉప్పు చెప్పే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ నా దగ్గర ఉండేది. దానిలో ముల్లు సరిగ్గా సముద్రం నీళ్లకి ఉండాల్సిన 1.025 దగ్గరే నిలబడేది, అంటే అంతా బాగున్నట్టే. మా చిన్నాన్న కొడుకు భీమిలి వైపు రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు వాడికి చూపించాను. బండి డిక్కీలోంచి రిఫ్రాక్టోమీటర్ తీశాడు, అదీ ఉప్పు కొలిచేదే. రొయ్యల వాళ్ల జేబులో పెన్ను లేకపోయినా అది ఉంటుంది. అద్దం మీద రెండు చుక్కలు వేసి, కిటికీ వైపు తిప్పి చూసి, "అన్నయ్యా, 28 ఉంది" అన్నాడు. ఉండాల్సింది 35. లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు. ఏడు గ్రాములు తక్కువ!

తర్వాత నా హైడ్రోమీటర్ చేతిలోకి తీసుకుని గోటితో కొట్టాడు. ముల్లుకి అంటుకుని ఉన్న గాలి బుడగలు లేచిపోయాయి, ముల్లు కిందికి దిగింది. బుడగలు దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటే నేను ఉప్పు సరిపోయిందని మురిసిపోతున్నాను.

"రోజుకి ఒక్క గ్రాము చొప్పున పెంచు, తొందరపడకు" అని చెప్పి వాడు వెళ్లిపోయాడు. నేను ఆగలేకపోయాను. తప్పు తెలిశాక దాన్ని వారం పాటు అలాగే ఉంచుకోవడం నా వల్ల కాలేదు. ఆ సాయంత్రమే సముద్రపు ఉప్పు పొట్లం కొనుక్కొచ్చి, బకెట్లో చిక్కగా కలిపి, రాత్రి పదకొండు లోపల 35కి తెచ్చేశాను. చాలా తృప్తిగా పడుకున్నాను కూడా.

పొద్దున్నకి అది నీళ్లు పిండేసిన గుడ్డలా ఉంది. నోరు వెళ్లబెట్టేసింది. మూడో రోజు మూత తీస్తే కుళ్లిన గుడ్డు కంపు హాలంతా. చచ్చిన ఎనిమోన్ కరిగిపోతుంది. చేత్తో తీయబోతే ముక్కలై నీళ్లలో కలిసిపోయింది, గిన్నెతో ముంచి తీశాను. అమ్మోనియా టెస్ట్ చేస్తే పసుపు రంగులో ఉండాల్సిన గొట్టం ముదురు ఆకుపచ్చకి తిరిగింది. సగం నీళ్లు మార్చేలోపు ఒక క్లౌన్ పోయింది. రెండోది ఇప్పటికీ ఉంది.

జబ్బుది తెచ్చానా, తక్కువ ఉప్పులో ఉంచానా, ఒక్క రాత్రిలో ఉప్పు పెంచానా అని చాలా రోజులు ఆలోచించాను. మూడూ కారణాలే. కానీ మొదటి రెండింటితో పదహారు రోజులు బతికింది, మూడోదానితో మూడు రోజులు కూడా లేదు.

నీళ్లు అసలే తక్కువ ఉప్పుతో ఎందుకున్నాయో మా తమ్ముడే చెప్పాడు. వర్షాలు వెనకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో, మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో పోసిన మంచినీళ్లన్నీ పైపొరలో అలా మన ముందు నుంచే వెళ్తాయి. దానికి తోడు ఊళ్లో గెడ్డలు, అంటే వాగులు, వచ్చి కలిసే చోటయితే ఇంక అడగనక్కర్లేదు. నమ్మకం కుదరక మరుసటి ఏడు నేనే కొలుచుకున్నాను. అదే బీచ్, అదే చోటు. ఏప్రిల్‌లో 34, నవంబరులో 27. మరి హేచరీల వాళ్లు వాడేది సముద్రం నీళ్లే కదా అంటే, "వాడతాం, కానీ ఇసుక ఫిల్టర్లో వడగట్టి, క్లోరిన్ వేసి, హైపోతో ఆ క్లోరిన్ విరగ్గొట్టి, శాలినిటీ చూసి వాడతాం. నువ్వు పంచెలో వడగట్టావు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ నా మీద వాడుతుంటారు.

2023 జనవరిలో మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఈసారి నీళ్లు నేనే తయారుచేసుకోవాలని. అమ్మ, "నౌపడ కల్లుప్పు బస్తా తెప్పించుకుంటే చవగ్గా పోతుంది కదరా" అంది. అడగాల్సిన ప్రశ్నే. ఉప్పుమడిలో సముద్రం నీళ్లు ఎండేటప్పుడు అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. సున్నానికి సంబంధించినవి ముందే అడుగున దిగిపోతాయి, తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం చాలావరకు మిగిలిన చేదునీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లు పారబోస్తారు. కల్లుప్పు మళ్లీ నీళ్లలో కలిపితే ఉప్పునీళ్లు వస్తాయి తప్ప సముద్రం నీళ్లు రావు. అక్వేరియం ఉప్పులో ఆ పోయినవన్నీ తిరిగి కలిపి ఉంటాయి, ధర కూడా అందుకే.

కలిపే మంచినీళ్లూ మామూలివి పనికిరావు. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో ఇంకా ఏవేవో. వంటింట్లో తాగే ఆర్వో నీళ్లు కొలిస్తే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, 48 వచ్చింది. మనకి అమృతమే కానీ ట్యాంకులో రాళ్లకి గోధుమరంగు బూజు పట్టించడానికి ఆ మిగులు చాలు. ఆర్వో తర్వాత రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే సున్నాకి వచ్చింది. ఆర్వో వదిలేసే నీళ్లతో ఇల్లు తుడుస్తున్నాం, ఆ విషయంలో మా ఆవిడకి అభ్యంతరం లేదు.

రాళ్ల గురించి కూడా చెప్పాలి. మన దేశంలో పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, కాబట్టి సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్ల జోలికి పోలేదు. చిల్లులుండే పింగాణీ రాళ్లు పేర్చుకున్నాను. అవి వట్టి రాళ్లు. వాటిలో బ్యాక్టీరియా చేరాలి. ఒక రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చాను. అయిదో రోజుకి అమ్మోనియా, మూడో వారానికి నైట్రైట్ ఎక్కాయి. ఆరో వారం రెండూ సున్నా అయ్యాయి, నైట్రేట్ మిగిలింది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్ చేస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. బళ్లో చదువుకున్న నత్రజని వలయమే, కాకపోతే పరీక్షకి చదివినప్పుడు కంపు కొట్టలేదు. ఆ తర్వాత కూడా ఆరు నెలలు ఎనిమోన్ తేలేదు. మిగిలిన క్లౌన్ ఒక్కటే పంపు మూలలో పడుకునేది. ఎనిమోన్ లేకపోయినా దానికి లోటేమీ లేదు, ఆరాటమంతా నాది.

ఆ మధ్యలోనే చేపకి తెల్లమచ్చలు వచ్చాయి. షాపులో చెబితే నీలం ద్రావకం సీసా ఇచ్చి, లీటరుకి ఇన్ని చుక్కలని చెప్పారు. ఉద్దానం నుంచి మా మావయ్యగారు వచ్చి ఉన్నారు. ఆయనకి ఎనిమోన్ సంగతి తెలియదు, ఇంగ్లీషు లేబులూ చదవలేదు. సీసా వెలుతురుకి పెట్టి చూసి, "అల్లుడుగారూ, ఇది మైలుతుత్తం రంగులా ఉందే. మేం సున్నంతో కలిపి కొబ్బరి మొవ్వుకి కొడతాం" అన్నారు. లేబుల్ చూస్తే నిజంగా కాపర్ సల్ఫేటే. చేప తట్టుకుంటుంది కానీ వెన్నెముక లేని ఎనిమోన్, రొయ్య, నత్త లాంటి వాటికి రాగి విషం. పైగా రాళ్లకీ ఇసుకకీ పట్టుకుని, తర్వాత నెలల తరబడి కొంచెం కొంచెం వదులుతుంది. ట్యాంకులో పోసి ఉంటే ఆ రాళ్లన్నీ పారేసుకోవాల్సిందే. చేపని వేరే టబ్బులోకి తీసి అక్కడ వైద్యం చేశాను. మావయ్యగారికి ఆ రోజు నుంచి మా ట్యాంకు మీద ఒక రకమైన అధికారం వచ్చింది.

ఇక ఎండాకాలం. ఎనిమోన్‌కి 25, 26 డిగ్రీలు హాయి. మే నెలలో మా హాల్లో నీళ్లు 31.5 చూపించాయి. నీళ్ల మీదికి ఫ్యాను పెడితే ఆవిరై చల్లబడతాయన్నారు. పెట్టాను. పడమటి గాలి తిరిగిన రోజు, ఊరంతా వడగాడ్పుకి అల్లాడుతుంటే, నా ట్యాంకు మూడు డిగ్రీలు తగ్గింది. సముద్రపు గాలి వీచిన రోజు ఒక్క డిగ్రీ తగ్గడం గగనం. గాలిలో అప్పటికే అంత తేమ ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? మన ఊళ్లో ఫ్యానుని నమ్ముకోలేమని అర్థమై నీళ్లు చల్లబరిచే చిల్లర్ సెకండ్‌హ్యాండ్‌ది కొన్నాను. చప్పుడు చేస్తుంది, కరెంటు తాగుతుంది, అయినా ఆ డబ్బుకి బాధపడలేదు.

ఫ్యాను వల్ల ఇంకో పాఠం. రోజుకి మూడు లీటర్లు ఆవిరయ్యేవి. ఉప్పు ఆవిరి కాదు కదా, నీళ్లు తగ్గే కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. శ్రీకాకుళంలో పెళ్లికని నాలుగు రోజులు వెళ్లొచ్చేసరికి 35 కాస్తా దాదాపు 38 అయింది. తగ్గింది నీళ్లే కాబట్టి మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. అదీ ఒక్కసారిగా కాదు. ఈసారి రెండు రోజులు తీసుకున్నాను. తర్వాత నీటిమట్టం తగ్గగానే డ్రమ్ములోంచి కొంచెం కొంచెం పోసే చిన్న మోటారు పెట్టించాను. ట్యాంకు కోసం కొన్నవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

2023 సెప్టెంబరులో హైదరాబాదులో ఒకాయన ఇంట్లో బబుల్ టిప్ రెండుగా చీలింది. ఒకటి ఇస్తానన్నారు. వెళ్లి, థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాత్రి రెండుసార్లు లేచి మూత తీసి టార్చి వేసి చూస్తుంటే కింది బెర్తు పెద్దావిడ, "ఏముంది బాబూ అందులో?" అంది. చూపించాను. కాసేపు చూసి, "గోధుమ రంగు పువ్వా" అని పడుకుంది. అవును, గోధుమ రంగే. అందుకే తెచ్చుకుంటున్నాను.

ఇంటికి రాగానే ట్యాంకు నీళ్లు సన్న గొట్టంతో చుక్కచుక్కగా ఎనిమోన్ ఉన్న సంచిలోకి వదిలాను, రెండు గంటలు. రాళ్ల మీద పెట్టి, అలలు చేసే పంపు ఆపేశాను. ఎనిమోన్ నచ్చిన చోటు వెతుక్కుంటూ పాకుతుంది, పంపులోకి లాగేస్తే ముక్కలవుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు పంపు మూతికి స్పాంజి కట్టాను. నాలుగు రాత్రులు ట్యాంకంతా తిరిగింది. అయిదో రోజు నేను అస్సలు అనుకోని చోట, వెనక రాతి సందులో పాదం దూర్చి స్థిరపడింది. హాల్లో సోఫాలోంచి సగమే కనిపిస్తుంది. సోఫా జరుపుకున్నాం.

మొదట్లో అతిశుభ్రం చేశాను. నురగతో మురికి లాగే స్కిమ్మర్ జోరుగా నడిపి, తిండి తగ్గించి, నైట్రేట్ సున్నా చేసి గర్వపడ్డాను. రెండు నెలల్లో దాని రంగు పలచబడింది. ఒంట్లో నాచుకీ కాస్త ఎరువు కావాలి, సున్నా అంటే దాన్ని పస్తు పెట్టినట్టే. వారానికోసారి శనగగింజంత రొయ్య ముక్క పెట్టడం మొదలుపెట్టి నైట్రేట్ 5 నుంచి 10 మధ్య ఉంచితే మళ్లీ గోధుమరంగు తిరిగింది. ఆల్కలినిటీ, అంటే నీళ్లు పులుపెక్కకుండా కాచే గుణం, 8 dKH దాటి ఉండేలా చూసుకుంటాను, తగ్గితే వంటసోడా కలిపి మెల్లగా పెంచుతాను. మిగతా అంకెల మీద నాకు ఇప్పుడు పెద్ద పట్టింపు లేదు. 34 అయినా 35 అయినా ఫరవాలేదు, నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉండాలి. ఆదివారం ఇరవై లీటర్లు మార్చేటప్పుడు కొత్త నీళ్ల ఉప్పు, వేడి రెండూ పాత నీళ్లతో సరిపోల్చాకే పోస్తాను.

ఇంట్లో కొన్ని నియమాలు. హాల్లో దోమల మందు స్ప్రే కొట్టకూడదు, వాటిలో చాలా మందులు చేపకీ ఎనిమోన్‌కీ ప్రాణాంతకం. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినిపిస్తే కిటికీలు మూసి గాలి పంపు ఆపేస్తాం. అమ్మ సాంబ్రాణి పూజగదిలోనే. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాం. అప్పటికి ట్యాంకు లేదు కానీ ఆ చీకటి గుర్తుండి బ్యాటరీ గాలి పంపులు రెండు కొని పెట్టాను. ఒకటి చాలదా అంటారు, చాలదు.

మొన్న శీతాకాలం ఆటు సమయంలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి మా అబ్బాయిని తీసుకెళ్లాను. మడుగుల్లో చిన్న చిన్న ఎనిమోన్‌లు. ఎండకి నీళ్లు వేడెక్కుతాయి, వానకి పలచబడతాయి, పోటు వచ్చి మళ్లీ చల్లబరుస్తుంది. అవన్నీ తట్టుకుని గులకరాళ్లు కప్పుకుని కూర్చున్నాయి. "నాన్నా, వీటికి చిల్లర్ లేదేం?" అన్నాడు వాడు. ఇవి ఒడ్డున పుట్టి ఆ ఎగుడుదిగుళ్లకి అలవాటు పడ్డవి, మనది పగడపు దిబ్బల దగ్గర నిలకడైన నీళ్లలో బతికే జాతి అని చెప్పాను. ఇంటికి ఒకటి తీసుకెళ్దామన్నాడు. వద్దన్నాను.

పోయిన నెల మాది కూడా రెండుగా చీలింది. బాగా బలిసినా చీలుతుంది, ఇబ్బంది పడినా చీలుతుందట. నేను గబగబా ఉప్పు కొలిచాను, 35. వేడి 26. ఎందుకు చీలిందో అదే చెప్పాలి. ఒక ముక్క గాజువాకలో ఒకతనికి ఇస్తానన్నాను. ట్యాంకు కొన్నాడు, ఇంకా నీళ్లు పోయలేదు. "సముద్రం దగ్గరే కదా సార్, రెండు టిన్నులు ముంచుకొచ్చేస్తాను" అన్నాడు ఫోన్లో. నెల ఏమిటని చూసుకున్నాను. నవంబరు. రిఫ్రాక్టోమీటర్ పట్టుకుని ఆదివారం నేనూ వస్తానని చెప్పాను.